అమ్మ ఐదు శ్రుతి, నా 88 మెట్లు: పియానో సాధన డైరీ

జూన్ 8

మధ్యాహ్నం పియానో ఇంటికి చేరింది. ట్రాలీ ఆటోలో రెండు దుప్పట్లు చుట్టి తెచ్చాం. డిజిటల్ పియానో, ఒకరు వాడి అమ్మేసినది. 88 మెట్లు: తెల్లవి 52, నల్లవి 36. హార్మోనియం మెట్లను ఏమంటామో వీటినీ ఇంట్లో అదే అంటున్నాం.

నాకు 46 ఏళ్లు. చిన్నప్పుడు అమ్మ దగ్గర సరళీ స్వరాలు, అలంకారాలు, కొన్ని గీతాలు నేర్చుకుని, పదో తరగతి వచ్చాక వదిలేశాను. ఇప్పుడు రెండు పనులు పెట్టుకున్నాను. ఒకటి, పియానో నేర్చుకునే ప్రతి పిల్లవాడూ ఎప్పుడో ఒకప్పుడు వాయించే జి మేజర్ మినియెట్ అనే చిన్న పాశ్చాత్య నృత్య రచన. రెండోది, ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాల్లోని (పాశ్చాత్య బ్యాండు వరసలకు ఆయన సాహిత్యం కూర్చిన పాటలు) ‘సంతతం పాహిమాం’. అమ్మ పాడుతుంటే నేను రెండు చేతులతో వాయించాలి. అమ్మకు 74 ఏళ్లు కాబట్టి రెండోదాన్ని ఎక్కువ కాలం వాయిదా వేయాలని లేదు.

తీగల పియానో ఎందుకు కొనలేదని మా తమ్ముడు అడిగాడు. మేమున్నది విశాఖలో, సముద్రానికి దగ్గర. తీగల పియానోలో దాదాపు 230 ఉక్కు తంత్రులుంటాయి. అన్నిటి బిగువూ కలిపితే టన్నుల్లో తేలుతుంది. ఉప్పుగాలికి తంత్రులు తుప్పు పడతాయి, తేమకు చెక్క ఉబ్బుతుంది, లోపలి ఉన్ని బిగుసుకుంటుంది. ఏటా ఒకటి రెండు సార్లయినా శ్రుతి చేయించాలి. ఆ భారం మోసే స్థితిలో లేను. హామర్ యాక్షన్ (మెట్టు వెనక సుత్తి లాంటి బరువుండే ఏర్పాటు) ఉన్న డిజిటల్ పియానో అయితే మెట్టు బరువు దాదాపుగా అసలుదానిలా ఉంటుంది, శ్రుతి తప్పదు, రాత్రిపూట హెడ్‌ఫోన్‌తో వాయించుకోవచ్చు. మామూలు 61 మెట్ల కీబోర్డులో చాలావరకు మెట్టు కింద స్ప్రింగే ఉంటుంది. దాని మీద సాధన చేసిన వేళ్లు అసలు పియానో దగ్గర బరువు తెలియక తడబడతాయి.

వాడిన వాయిద్యం కొనేవాళ్లకు ఒక్క మాట. ప్రతి మెట్టునూ రెండుసార్లు నొక్కి చూడండి, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. 88 మెట్లకూ పది నిమిషాలు పట్టదు. నేను అలా చూస్తేనే మధ్య సి (మెట్ల వరస నడుమనున్న సి స్వరం) పైనున్న ఎఫ్ షార్ప్ అనే నల్ల మెట్టు ఎంత మెల్లగా నొక్కినా అరుస్తోందని తెలిసింది. అమ్మే ఆయన అది అలవాటైపోతుందన్నారు. నేను ధర తగ్గించమన్నాను, తగ్గించారు.

జూన్ 14

అరిచే మెట్టును బాగు చేయించాను. బజారులో కీబోర్డులు బాగుచేసే కుర్రవాడు పియానో విప్పుతుంటే పక్కనే నిలబడి చూశాను. ప్రతి మెట్టు కిందా రబ్బరు పట్టీలో నల్లటి బొడిపెలు, ఒకదాని వెనక ఒకటి. మెట్టు దిగుతున్నప్పుడు మొదటి బొడిపె తాకిన క్షణానికీ రెండోది తాకిన క్షణానికీ మధ్య ఎంత వ్యవధి ఉందో యంత్రం కొలుస్తుంది. వ్యవధి తక్కువైతే గట్టిగా నొక్కామని అర్థం. ఒక బొడిపె కింద దుమ్ము చేరితే ఆ లెక్క తప్పుతుంది. నా ఎఫ్ షార్ప్‌కు జరిగింది అదే. దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి తుడిచాడు, అంతే.

నాకు ఇందులో పనికొచ్చిన పాఠం వేరే ఉంది. డిజిటల్ పియానోకైనా తీగల పియానోకైనా, మెట్టు అడుగుకు చేరాక ఎంత బలంగా అదిమినా ధ్వని మారదు. తీగల పియానోలో సుత్తి తంత్రిని కొట్టి అప్పటికే వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది. మెట్టు ఏ వేగంతో దిగిందన్నదే సర్వస్వం. కొట్టాక అదుముతూ కూర్చోవడం వేళ్లకు అనవసరపు శ్రమ. వారం రోజులుగా నా ముంజేయి ఎందుకు లాగుతోందో ఆ కుర్రవాడి బల్ల దగ్గర అర్థమైంది.

జూన్ 22

స్టాండు, ఆసనం. వడ్రంగి చేత బల్ల చేయించాను, 1,900 రూపాయలైంది. నేల నుంచి తెల్ల మెట్ల పైభాగం దాకా 73 సెంటీమీటర్లు వచ్చేలా చూసుకున్నాను. వంటింటి స్టూలు మీద కూర్చుంటే మోచేతులు మెట్ల కన్నా కిందికి జారుతున్నాయి. రెండు అంగుళాల ప్లైవుడ్ ముక్క, దాని మీద పాత బొంత మడత పెట్టాక ముంజేయి నేలకు సమాంతరంగా నిలిచింది. ఖరీదైన బెంచీ ఇంతకన్నా ఏం చేస్తుందో నాకు తోచడం లేదు.

హెడ్‌ఫోన్ విషయంలో మాత్రం పొరపాటు చేశాను. ఇంట్లో ఉన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్ చాలనుకున్నాను. మెట్టు నొక్కాక ధ్వని రావడానికి పట్టే ఆలస్యం సినిమా చూసేటప్పుడు తెలియదు కానీ వాయించేటప్పుడు భరించలేం. వేలు ఒక చోట, చెవి ఇంకో చోట. తీగ ఉన్నదే కొనుక్కోండి. పియానో వెనక రంధ్రం పెద్దది, 6.35 మిల్లీమీటర్లది కావచ్చు, ఫోను హెడ్‌ఫోన్ మొన 3.5. మధ్యలో పెట్టే చిన్న మార్పిడి మొన ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా దొరుకుతుంది.

జూలై 6

మూడు వారాలు ఒక యాప్‌తో నేర్చుకున్నాను. తెర పైనుంచి రంగు పట్టీలు జారుతూ వస్తాయి, అవి కింద మెట్టును తాకగానే మనం నొక్కాలి. సరిగ్గా నొక్కితే నక్షత్రాలు. నాలుగు చిన్న పాటలు పూర్తిచేశాను. సంతోషంగా అమ్మను పిలిచి, ఫోను లోపల పెట్టి, అందులో మొదటి పాట వాయించబోయాను. మూడో స్వరం దగ్గర ఆగిపోయాను. పాట నాకు రాలేదు. పట్టీలను వెంబడించడమే వచ్చింది.

అమ్మ ఏమీ అనలేదు. “అది ఒకసారి పాడు” అంది. పాడలేకపోయాను. పాడలేనిదాన్ని వేళ్లు ఎలా వాయిస్తాయి?

యాప్‌లు వద్దని నేను అనడం లేదు. మెట్ల పేర్లు గుర్తుపట్టడానికి, మొదటి పది రోజుల భయం పోవడానికి అది నిజంగా సాయపడింది. కానీ నా కళ్లకు పని పెట్టి చెవిని ఖాళీగా కూర్చోబెట్టింది. ఈ రోజుతో దాన్ని తీసేశాను. ఇకనుంచి ఏ పాటైనా ముందు స్వరాలతో పాడతాను, తర్వాతే మెట్ల మీద చెయ్యి పెడతాను.

జూలై 13

మాస్టారు దొరికారు. నగరంలో ఒక చర్చిలో ముప్ఫై ఏళ్లుగా ఆర్గన్ వాయిస్తున్నారు. పదిహేను రోజులకు ఒకసారి గంట పాఠం. మొదటి రోజు పుస్తకం తెరవనేలేదు. నా చేతిని తన అరచేతిలో పెట్టుకుని, “బరువంతా నాకు వదిలేయండమ్మా” అన్నారు. వదిలానని నేననుకున్నాను. ఆయన తన చెయ్యి తీసేస్తే నాది గాలిలో అలాగే నిలబడింది. “చూశారా, ఇంకా మీరే మోస్తున్నారు.” ఆ చెయ్యి దానంతటది పడిపోయేదాకా ఏడెనిమిది సార్లు చేయించారు. ఏ వీడియోలోనూ ఇది దొరకదు. నెలకు రెండు గంటలైనా సరే, ఒక మనిషి పక్కన కూర్చుని చూడాల్సింది ఇందుకే.

ఏ క్రమంలో నేర్చుకోవాలని అడిగితే, ట్రినిటీ కాలేజ్ లండన్, ఏబీఆర్ఎస్ఎం అనే బ్రిటన్ సంగీత పరీక్షల సంస్థల పాఠ్య ప్రణాళికలను దారిపటంగా వాడుకోమన్నారు. రెండింటిలోనూ ఇనీషియల్ గ్రేడు, ఆ తర్వాత ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడులు. పరీక్ష రాయాలనేమీ లేదు. ఏ స్థాయికి ఏ స్కేలు (మన ఆరోహణ అవరోహణల్లాంటి స్వరాల వరస), ఎంత కష్టమున్న పాట అన్నది అందులో తెలిసిపోతుంది. వచ్చే పాటను మన శక్తికి మించి ఎంచుకోకుండా కాపాడుతుంది.

జూలై 27

మాయామాళవగౌళను పియానో మీద పెట్టాను. ఈ వారమంతా ఇదే.

సి మెట్టును షడ్జమం అనుకుంటే: సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి, మళ్లీ సి. నల్ల మెట్లు రెండే. చిన్నప్పుడు ఎన్ని వందల సార్లు పాడానో ఈ రాగాన్ని, కానీ దాని ఆకారం కంటితో చూసింది ఇప్పుడే. సరిగమ ఒక గుంపు, పదనిస ఇంకో గుంపు. రెండింటిలోనూ అంతరాలు అచ్చంగా ఒక్కటే, నల్లవాటినీ కలిపి లెక్కిస్తే: ఒక మెట్టు దూరం, మూడు మెట్ల దూరం, మళ్లీ ఒకటి. కుడి చేతి వేళ్లు 1-2-3, బొటనవేలు కింద నుంచి దాటి మధ్యమం మీద 1, ఆపై 2-3-4-5. ఎడమ చేతికి 5-4-3-2-1, తర్వాత నడిమి వేలు బొటనవేలి మీదుగా దాటి 3-2-1. సి మేజర్ స్కేలుకు పుస్తకాల్లో ఉన్న వేళ్ల వరసే ఇక్కడా సరిపోయింది.

మాస్టారికి వాయించి చూపిస్తే ఆయన చాలాసేపు విన్నారు. ఈ స్కేలు ఆయన పుస్తకాల్లో లేదట. “దీంతోనే మొదలుపెట్టండి. మీ గొంతుకు వచ్చినదాన్ని చేతికి నేర్పడం సులువు” అన్నారు. మన శంకరాభరణం వాళ్ల మేజర్ స్కేలే కాబట్టి రెండో వారం నుంచి అదీ చేరుతుంది.

కర్ణాటక సంగీతం కొంచెమైనా నేర్చుకున్నవాళ్లు చేతిలో ఉన్న ఈ ఆస్తిని మరిచిపోవద్దని నా మనవి. మూడు కాలాల్లో సరళీ స్వరాలు పాడినవాళ్లకు వేగం రెట్టింపు చేయడం కొత్త కాదు. శ్రుతి లెక్క కూడా సిద్ధంగా ఉంది: ఒకటి శ్రుతి సి, రెండు డి, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ. రానిదల్లా గమకం. పియానో మెట్టు స్వరాన్ని ఒకచోట నిలబెడుతుంది, ఊపనివ్వదు. తోడి రాగాన్ని దాని మీద వెతకడం వృథా. గమకం అవసరం లేని నొట్టుస్వరాలను నేను ఎంచుకున్నది అందుకే.

ఆగస్టు 10

షీట్ మ్యూజిక్, అంటే పాశ్చాత్య స్వరలిపిలో రాసిన ప్రతులు. ఐఎంఎస్‌ఎల్‌పీ అన్న ఉచిత భాండాగారం 2006 నుంచి ఉంది. కాపీరైటు తీరిన పాశ్చాత్య సంగీత రచనలకు స్కాన్ చేసిన ప్రతులు కొల్లలు. మినియెట్ అక్కడే దొరికింది. జొహాన్ సెబాస్టియన్ బాఖ్ భార్య ఆనా మాగ్డలేనా 1725లో మొదలుపెట్టిన నోటుపుస్తకంలోది. చాలాకాలం బాఖ్ రచనే అనుకున్నారు. రాసింది క్రిస్టియన్ పెట్‌జోల్డ్ అని ఇరవయ్యో శతాబ్దంలో తేలింది. ఇంట్లో భార్యాపిల్లల సాధన కోసం ఎత్తి రాసుకున్న పుస్తకమని తెలిశాక, అమ్మ చేతిరాతతో ఉన్న నా పాత సంగీతం నోట్సు బీరువాలోంచి తీసి పియానో మీద పెట్టుకున్నాను.

పాత స్కాన్‌లో అక్షరాలు చిన్నవి. మ్యూజ్‌స్కోర్ అనే ఉచిత ప్రోగ్రాంలో 32 బార్లనూ (బార్ అంటే మన తాళపు ఆవర్తం లాంటి భాగం) నేనే ఎక్కించాను. మూడు సాయంత్రాలు పట్టింది. అందులో ప్రతి స్వరాన్నీ ఏ గీత మీద పెట్టాలో వెతుక్కోవడం వల్ల బేస్ క్లెఫ్ (ఎక్కువగా ఎడమ చేతి కింది స్వరాలు రాసే గీతలు) చదవడం వచ్చేసింది. నెల రోజులు ఫ్లాష్ కార్డులతో రానిది ఇలా వచ్చింది. పెద్ద అక్షరాలతో ముద్రించుకున్నాను. ఆ ప్రోగ్రాం మనం ఎక్కించినదాన్ని కోరిన వేగంలో వాయించి కూడా వినిపిస్తుంది, ఒక చేతి భాగాన్ని ఆపేయవచ్చు. తను ఎడమ చెయ్యి వాయిస్తుంటే నేను కుడి చెయ్యి వాయించడం, మర్నాడు తారుమారు. ఈ డైరీలో ఒక్క సాధనాన్నే సిఫారసు చేయమంటే దీన్నే చేస్తాను.

మినియెట్ మొదటి నాలుగు బార్లు, జి షడ్జమంగా:

ప సరి గమ | ప స స | ద మప దని | సా స స

చివరి బార్‌లో మొదటిది తార షడ్జమం. ఇలా రాసుకుని పాడితే అది నాకు పరాయి పాటలా అనిపించలేదు. తిస్రంలో సాగే చిన్న గీతంలా ఉంది. మొదటి బార్‌లో ఎడమ చేతిలో స, గ, ప మూడూ ఒకేసారి మోగుతాయి. అదొక్కటే మన పాఠంలో లేనిది.

ఆగస్టు 31

రెండు వారాల కిందట పియానోను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపాను. పియానో వైపు మొన ప్రింటర్‌కు పెట్టే చదరపు రకం. ఏ మెట్టు నొక్కామో, ఎంత వేగంతో నొక్కామో మిడి పద్ధతిలో అంకెలుగా వెళ్తుంది. మధ్య సి అంకె 60. వేగం 1 నుంచి 127 దాకా. ఆ అంకెలను వరసగా చూపే ఉచిత ప్రోగ్రాంలు ఉన్నాయి.

కుడి చేత్తో సరిగమప, ఐదు వేళ్లూ సమంగా నొక్కుతున్నానన్న నమ్మకంతో పదిసార్లు వాయించాను. తెర మీద చూస్తే బొటనవేలు 84, 88, 81. ఉంగరపు వేలు 52, 47, 55. ఒకే వరసలోని రెండు స్వరాల మధ్య అంత తేడా ఉందని నా చెవి చెప్పలేదు. అంకెలు చూశాక మళ్లీ వాయిస్తే చెవికి కూడా వినిపించింది. సరిగమప అంటున్నానని నేననుకుంటున్నది నిజానికి ‘సా రిగ మ పా’లాగా ఉంది, మధ్యమం మింగేస్తున్నాను.

ఉంగరపు వేలిని గట్టిగా కొట్టాలని చూస్తే మణికట్టు బిగుసుకుంది. మాస్టారు చెప్పింది వేరు: వేలి బలం పెంచకండి, ఆ వేలి మీదికి వచ్చేటప్పుడు ముంజేయిని కాస్త అటు వాల్చండి. రెండు వారాలకు ఉంగరపు వేలు 68కి వచ్చింది, బొటనవేలు 75కు తగ్గింది. రోజుకు ఐదు నిమిషాలు మాత్రమే తెర చూస్తున్నాను, మిగతా సమయం మూసేస్తున్నాను.

సెప్టెంబరు 14

మెట్రోనోమ్ (సమంగా దెబ్బలు వేసే సాధనం), పెన్సిలు, ఫోనులో రికార్డరు. మూడూ కలిపి పైసా ఖర్చు లేదు, ఫోనులో ఉచిత మెట్రోనోమ్ ఉంది.

మెట్రోనోమ్‌ను 60 మీద పెడితే సెకనుకు ఒక దెబ్బ. 1815లో మెల్జెల్ అనే ఆయన దానికి పేటెంటు హక్కు పొందిన కొద్దికాలానికే స్వరకర్త బీతోవెన్ తన రచనల మీద ఆ వేగపు అంకెలు రాయడం మొదలుపెట్టాడు. నేను దాన్ని తాళంలా వాడుతున్నాను. ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం, ఆ తర్వాత దెబ్బకు రెండు, ఆ తర్వాత నాలుగు. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. అమ్మ పక్కన కూర్చున్న రోజున ఆవిడే చేత్తో తాళం వేస్తుంది. ఫోను కన్నా ఆవిడ చెయ్యి నయం, నేను పరిగెడితే ఆగి నా వైపు చూస్తుంది.

రికార్డరు చెప్పిన సంగతి ఇది. ఎనిమిదో బార్ చివర ఎడమ చెయ్యి ప మ గ రి అని దిగి తొమ్మిదో బార్‌కు వెళ్లాలి. నేను ప్రతిసారీ అక్కడ చిన్నగా ఊపిరి తీసుకున్నట్టు ఆగుతున్నాను. వాయించేటప్పుడు నాకు ఆగినట్టు లేదు. ఏడు రోజుల రికార్డింగులు వింటే ఏడింటిలోనూ అదే చోట అదే ఆగుదల. కాగితం మీద అక్కడ పెన్సిలుతో గీత గీసి, వేళ్ల అంకెలు మార్చి రాశాను. ఆ రెండు బార్లనే 52 దగ్గర రోజుకు పదిహేను సార్లు. మొదటి నుంచి వాయించుకుంటూ రావడం మానేశాను. మొదటి బార్ నాకు ఎప్పుడో వచ్చేసింది, వచ్చినదాన్ని మళ్లీ మళ్లీ వాయిస్తే హాయిగా ఉంటుంది గానీ తొమ్మిదో బార్ అలాగే ఉండిపోతుంది.

అక్టోబరు 12

దసరా, ఆ తర్వాత బ్యాంకులో అర్ధ సంవత్సరపు లెక్కలు, జ్వరం. పన్నెండు రోజులు పియానో ముట్టలేదు. తిరిగి కూర్చుంటే వేళ్లు బరువుగా ఉన్నాయి కానీ మినియెట్ మొదటి 16 బార్లూ ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. పాడి నేర్చుకున్నవి నిలిచాయి.

అక్టోబరు 26

సంతతం పాహిమాం.

మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో దీక్షితుల వారికి ఈస్టిండియా కంపెనీ వాళ్ల బ్యాండు సంగీతం వినే అవకాశం కలిగింది. ఆ వరసలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. అవే నొట్టుస్వరాలు, అన్నీ శంకరాభరణంలో. సంతతం పాహిమాం వరస ఇంగ్లండు రాజగీతానిది. ‘స స రి, ని స రి, గ గ మ, గ రి స’ అని మొదలవుతుంది, నిషాదం మంద్రస్థాయిది. రెండు వందల ఏళ్ల కిందట పాశ్చాత్య వాయిద్యాల నుంచి ఇటు వచ్చిన పాటను తిరిగి పాశ్చాత్య వాయిద్యం మీదికి తీసుకెళ్తున్నాను, మధ్యలో అది శ్యామలాంబ స్తుతి అయింది. ఈ ఆలోచనే నన్ను జూన్‌లో ఈ పనికి దింపింది.

సిలో సాధన చేసి అమ్మను పిలిచాను. రెండు మాటలు పాడి ఆపేసింది. “నాది ఐదు శ్రుతి కదే. ఇది మరీ కిందికి ఉంది.” పియానోలో శ్రుతి మార్చే బొత్తం ఉంది. నొక్కితే సి మెట్టే జి అయి పలుకుతుంది. మాస్టారిని అడిగితే ఒప్పుకోలేదు. “బొత్తం మీ అమ్మగారి ఇబ్బంది తీరుస్తుంది, మీ చేతికి ఏమీ నేర్పదు. జిలోనే నేర్చుకోండి. ఒక్క నల్ల మెట్టే కదా, మినియెట్‌లో అది ఇప్పటికే వచ్చు మీకు.”

నిజమే. ఆ ఎఫ్ షార్ప్, దుమ్ము పట్టి అరిచినది, ఇప్పుడు పాటలో మొదటి నిషాదం.

నవంబరు 16

ఎడమ చేతికి మూడే గుంపులు పెట్టుకున్నాను: స గ ప, మ ద స, ప ని రి. ఏ స్వరం దగ్గర ఏది ఒప్పుతుందో పుస్తకం చూడకుండా, ఒక్కోటీ మోగించి పాడుకుంటూ నేనే నిర్ణయించాను. రెండు చోట్ల మాస్టారు మార్చారు.

సాయంత్రం దీపం పెట్టాక అమ్మ స్టూలు పక్కన కుర్చీ వేసుకుంది. నేను ముందు స గ ప మోగించాను, తంబూరాలా. ఆవిడ కళ్లు మూసుకుని అందుకుంది. గొంతు మునుపటిలా లేదు, తారస్థాయి వైపు వెళ్తే వణుకుతుంది, కానీ శ్రుతి నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. మొదటి భాగం ఇద్దరం కలిసి పూర్తిచేశాం. రెండో భాగంలో పంచమం మీద నిలిచి మధ్యమానికి దిగే చోట, స గ ప నుంచి మ ద సకు ఎడమ చెయ్యి మారడం ఆలస్యమైంది. అమ్మ ఆగలేదు. తొడ మీద తాళం వేస్తూ పాడుతూనే ఉంది, నేను గాంధారం దగ్గర వచ్చి కలిశాను.

అయ్యాక “మళ్లీ” అంది. మూడుసార్లు పాడాం. మూడోసారీ ఆ మార్పు దగ్గర చెయ్యి వెనకబడింది. రికార్డు చేసి పెట్టాను. రేపు ఉదయం మెట్రోనోమ్ 50 దగ్గర, ఆ ఒక్క మార్పు, ఇరవై సార్లు.